ఆముదం బాబాయి

మెడ్రాసు కోడంబాక్కంలో మిగిలిన తెలుగువాళ్ళు రెండు రకాలు. హైదరాబాదు వెళ్ళలేకపోయినవాళ్ళు ఒక రకం. వెళ్ళడం ఇష్టంలేక ఉండిపోయామని చెప్పుకునేవాళ్ళు రెండో రకం. రెండు రకాలూ ఒకటేనని కిట్టనివాళ్ళంటారు. తెలుగు సినిమా ఇక్కణ్ణించి మూటాముల్లె సర్దుకున్నప్పుడు ముందు హీరోలు వెళ్ళారు, వాళ్ళ వెనక నిర్మాతలు, నిర్మాతల వెనక అప్పులవాళ్ళు. పవర్‌హౌస్ బస్‌స్టాపు వెనక సందుల్లో మిగిలింది ప్రొడక్షన్ మేనేజర్లు, డబ్బింగు గొంతులు, విగ్గులు కట్టేవాళ్ళు, మేకప్ అసిస్టెంట్లు. వీళ్ళలో ప్రతివాడికీ ఒక పిచ్చి ఉంటుంది. లోకంలో ఏం జరిగినా దాని ఖాతాలో రాసేస్తాడు. ఒకాయన అన్నిటికీ రంగుల ఫిలిమే కారణమంటాడు. ఇంకొకాయన శని అంటాడు. మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తు బాబాయిగారిది ఆముదం.

ఆయన ఒకప్పుడు వాహినీ స్టూడియోలో మేకప్ అసిస్టెంటు. అంటే హీరోయిన్ మొహం ముట్టుకునేది గురువుగారు. ఈయన చేసేది పౌడరు డబ్బా పట్టుకోవడం, గడ్డాలకీ మీసాలకీ స్పిరిట్ గమ్ అందించడం, సాయంత్రమయ్యాక నూనె గుడ్డతో ఆ వైభవమంతా తుడిచెయ్యడం. టైటిల్స్‌లో పేరెప్పుడూ పడలేదు. ఒక్కసారి పడిందట గాని ఆ సినిమా రిలీజు కాలేదు.

మనిషి పొట్టి, తల నున్నన. కనుబొమలు మాత్రం దట్టంగా, నల్లగా, ఏ పౌరాణికానికైనా విడిగా పిలిపించుకోదగ్గట్టు ఉంటాయి. వాటిని చూపించి “ఇదీ ఆముదం మహిమ” అంటాడు. మనం తలకేసి చూస్తే “అది మెడ్రాసు బోరునీళ్ళ మహిమ” అంటాడు. మా వాచ్‌మన్ ఆయన్ని ‘విళక్కెణ్ణె సార్’ అని పిలుస్తాడు. అరవంలో అది ఆముదమే కాదు, మందమతిని తిట్టే తిట్టు కూడా అని బాబాయికి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆయన దాన్ని బిరుదనుకుంటున్నాడు.

ఎవరింటికి వెళ్ళినా ముందు బాత్‌రూం ఎక్కడని అడుగుతాడు. ఈ వయసులో మామూలే కదా అనుకుంటాం. అరగంటైనా రాడు. లోపల భూతద్దం పెట్టుకుని షాంపూ సీసా చదువుతుంటాడు. తలుపు తీసుకుని వచ్చి, సంకల్పం చెప్పినట్టు, “రిసినస్ కమ్యునిస్ సీడ్ ఆయిల్” అంటాడు. మొన్న మా ఇంట్లో పుక్కిలించే మందు సీసా పట్టుకొచ్చాడు. “పెగ్-40 హైడ్రోజనేటెడ్ క్యాస్టర్ ఆయిల్. ఏవోయ్, పొద్దున్నే ఆముదం పుక్కిలించి ఆఫీసుకెళ్తున్నావన్నమాట. చిన్నప్పుడు మీ అమ్మ గరిటెతో పోస్తే ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చుంటావు.”

ఇందులో బాధేమిటంటే, ఆయన చెప్పేది నిజం.

బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్న ఆయన మనవరాలు విడమర్చి చెప్పింది. ఆముదంలో నూటికి 85 నుంచి 90 పాళ్ళు రిసినోలియిక్ ఆమ్లమే. మిగతా నూనెల్లో మామూలుగా కనిపించని హైడ్రాక్సిల్ గ్రూపొకటి దాని గొలుసు మధ్యలో తగులుకుని ఉంటుంది. అందుకే అంత చిక్కన, అంత జిగురు. అందుకే మిగతా నూనెలు కలవనంటే కలవని స్పిరిట్‌లో ఇది హాయిగా కలిసిపోతుంది. లిప్‌స్టిక్‌లో రంగుపొడిని ఉండకట్టనివ్వకుండా తడిపి, పెదవిమీద పరిచి, మెరుపు తెచ్చేది చాలామటుకు ఇదే. అవతలివైపు కనిపించే గ్లిజరిన్ సబ్బులోనూ ఉంటుంది. కొంచెం రసాయనం మార్చితే అత్తరు చుక్కని నీళ్ళలో కరిగించే పని కూడా చేస్తుంది. మన పుక్కిలింత సీసాలో జరిగేది అదే.

“హైడ్రోజన్ పట్టించారా? అంటే కల్తీ అన్నమాట!” అన్నాడు బాబాయి. కల్తీ కాదు తాతా అని ఆ పిల్ల మొత్తుకుంది. ఆయన వినలేదు. ఆయన లెక్కలో అసలైనది వంటాముదమొక్కటే: గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి, పైకి తేలింది గరిటెతో తీసినది. మిగతాదంతా మిషను సరుకు.

లిప్‌స్టిక్ పారిస్‌దైనా ఆముదం మనదే అన్నది ఆయన రెండో సిద్ధాంతం. ఇదీ నిజానికి దగ్గరే. ప్రపంచానికి ఆముదం పోసేది ముఖ్యంగా ఇండియా, ఇండియాకి పోసేది గుజరాత్. మనవైపు పాలమూరు, నల్లగొండ చెలకల్లో కూడా పండిస్తారు. తెనాలి మాగాణిలో పుట్టిన ఈయనకి ఆ పంట మీద ఏం హక్కుందో మాత్రం తెలీదు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల ఇంజన్లకి ఆముదం పోసేవారని, ఆ పొగ పీల్చిన పైలట్లకి పొట్ట కదిలిపోయేదని చెప్పి, “గెలిచిందెవరైనా పరిగెత్తింది మాత్రం అందరూను” అని తనే నవ్వుతాడు.

పోయినేడు మూడో అంతస్తు పాప పుట్టినరోజుకి పిలిచారు. అందరికీ చాక్లెట్లు పంచారు. బాబాయి భూతద్దం తీశాడు. “ఎమల్సిఫైయర్ 476. తెలుసా? ఆముదం నుంచే తీస్తారు!” పెద్దవాళ్ళందరూ ఆముదం తాగిన మొహాలు పెట్టి చాక్లెట్లు పళ్ళెంలో వదిలేశారు. పిల్లలు అవి కూడా తినేశారు.

ఇన్ని నిజాలు చెప్పే మనిషి అసలు అరిచి చెప్పేది మాత్రం నిజం కానిదాని గురించి: ఆముదం రాస్తే జుట్టు మొలుస్తుందని. మనవరాలు ఒక్క ముక్కలో తేల్చేసింది: “మెరుపొస్తుంది తాతా, మొలక రాదు.” మెరుపు కూడా హద్దులో ఉంటేనే. 2017లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ట్రైకాలజీలో ఒక యువతి కథ అచ్చయింది. ఆముదం కలిపిన నూనె పట్టించి తలంటుకుంటే జుట్టంతా ముద్దకట్టి, ఎంత విడదీసినా రాక, చివరికి కత్తిరించాల్సొచ్చింది. ఇది వినిపిస్తే బాబాయి జాలిగా తలాడించి, “మిషను ఆముదం అయ్యుంటుంది” అన్నాడు.

పిన్నిగారు ఈ గొడవల్లోకి రాదు. కందులకి ఆముదం పట్టించి డబ్బాకెత్తుతుంది, మనవడు పుడితే మాడుకి రాసింది, దీపం మసితో కాటుక పట్టింది. ఇన్నిటికీ ఒక్క ఉపన్యాసమైనా ఇవ్వలేదు. ఒకసారి మాత్రం అంది: “పెళ్ళిచూపులప్పుడే చెప్పుంటే, ఆ చెట్టుకే కట్టమనేదాన్ని తాళి.”

చెట్టు కూడా వచ్చింది. కాంపౌండు గోడవార బాబాయే నాటాడు. గింజల్లో రిసిన్ అనే విషముంటుంది, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమని అసోసియేషన్ సెక్రటరీ పీకించేశాడు. ఆయన చేసింది సబబే. విషం నూనెలోకి దిగదు, పిండిలోనే ఉండిపోతుందన్న బాబాయి వాదనా సబబే. కాని పిల్లలు నూనె తీసుకుని తినరు కదా.

వాహినీ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఆస్పత్రి ఉంది, మాల్ ఉంది. నెలకోసారి బాబాయి ఆ మాల్‌కి వెళ్తాడు. సినిమాకి కాదు, సౌందర్య సాధనాల కొట్టుకి. మొన్న నన్నూ తీసుకెళ్ళాడు. “మాయాబజార్ సెట్లు వేసిన నేల ఇది” అని కౌంటరు పిల్లకి చెప్పాడు. ఆ పిల్ల తల ఊపి, 900 రూపాయల లిప్‌స్టిక్ తీసి ఆయన ముంజేతిమీద గీత గీసింది. బాబాయి దాన్ని చిటికెనవేలితో పరిచాడు. అంచులు సరిచేశాడు. వెలుతురుకి తిప్పాడు, వాసన చూశాడు. అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత ఆ పిల్ల పెదవులకేసి చూసి, “కింది పెదవికి కాస్త లోపలికి తియ్యాలమ్మా, లైటు పడ్డప్పుడు పెద్దదిగా కనిపిస్తుంది” అన్నాడు అరవంలో. ఆ పిల్ల అద్దంలో చూసుకుని, టిష్యూతో సరిచేసుకుని, ఈసారి నిజంగానే మర్యాదగా అడిగింది:

“బిల్ పోడట్టుమా సార్?”

“నాకెందుకమ్మా, ఇంట్లో అయిదు లీటర్లుంది” అన్నాడు బాబాయి.