బాగున్న తాళాన్నే విప్పండి

చెడిపోయిన తాళాన్ని విప్పకండి. లోపల ఏది ఎక్కడ ఉండాలో అది చూపించలేదు. ఇబ్బంది లేకుండా తిరుగుతున్న తాళాన్నే విప్పండి. నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో అద్దెకుంటున్న మనవాళ్లు "పనిచేసేదాన్ని కెలకడం దేనికి?" అంటారు. కెలకాలి. కాకపోతే తలుపుకున్న తాళం ఓనరుది, దాని జోలికి పోవద్దు. పాతఢిల్లీ చావడీ బజార్‌లో ఒకే రకం సిలిండర్ తాళాలు రెండు కొనండి. ఒకటి వాడకానికి, ఒకటి ఎప్పటికీ విప్పి ఉంచడానికి. డబ్బు దండగ అనేవాళ్ల మాట వినకండి. రివెట్లు కొట్టిన అలీగఢ్ తాళంకప్పతో మాత్రం మొదలుపెట్టవద్దు. దాన్ని విప్పాలంటే కోయాల్సిందే.

పనిముట్ల సెట్టు కొనకండి, ఇంట్లోనే చేసుకోండి. తాళంచెవి దూరే లోపలి ఇత్తడి కడ్డీ ఎంత లావో కొలవండి. పెన్సిల్‌కు కాగితం బిగువుగా చుట్టి, సరిగ్గా అంత లావు వచ్చాక టేపు వేయండి. కొస చదునుగా ఉండాలి. కడ్డీ వెనకున్న క్లిప్పు తీసి, చెవి పెట్టి కొద్దిగా తిప్పండి. ఇక పెన్సిల్‌తో వెనకనుంచి తోస్తే కడ్డీ ముందుకు వస్తుంది. పెన్సిల్‌కూ కడ్డీకీ మధ్య వెంట్రుకవాసి సందు కూడా ఉండకూడదు. సందిస్తే స్ప్రింగులు పై పిన్నులను బయటికి తన్నేస్తాయి. అందుకే చేతులు రెండూ పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి పనిచేయండి. కళ్లజోడు తప్పనిసరి. కడ్డీ బయటపడ్డాక చెవి మెల్లగా లాగి, కడ్డీలోని కింది పిన్నులను చెవి దూరే వైపునుంచి వరసగా ఐస్ ట్రే గదుల్లో వేయండి. 1860ల్లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ చేసిన ఏర్పాటు ఆ గదుల్లో కనిపిస్తుంది. చెవి పళ్ల ఎత్తుపల్లాలకు తగ్గట్టే పిన్నుల పొడవులు ఉంటాయి.

నూనె దగ్గర నేను అసలు రాజీపడను. మనవాళ్లు ఊరినుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె తాళంలో పోస్తారు. అది సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. ఢిల్లీ జనవరి చలిలో పిన్నుల చుట్టూ పేరుకుంటే స్ప్రింగు వాటిని నెట్టలేదు. మే నెల ఆంధీ గాలుల దుమ్ము అదే జిడ్డుకు అంటుకుని ముద్దవుతుంది. ఇంత చిన్న సంగతికి తాళాలు పారేసుకోవడం నాకు బాధగా ఉంటుంది. పెన్సిల్ ముల్లు గీరిన పొడి చాలు, అది తడి కాదు కాబట్టి దుమ్మును పట్టదు.

విప్పిన తాళాన్ని తిరిగి బిగించకండి. ట్రేతోసహా మూతపెట్టి దాచండి. రెండోది ఎప్పుడైనా బిగుసుకుంటే విప్పి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చెవులు వేరు కాబట్టి కింది పిన్నుల పొడవులు కలవవు, వాటిని పట్టించుకోకండి. స్ప్రింగుల పొడవూ పిన్నుల కొసల అరుగుదలా పోల్చండి. స్ప్రింగు కుంగి ఉంటే, దాచిన తాళంలోంచి ఒకటి తీసి వేసేయండి.