శ్రావణంలో గాలం

మా పిట్టలవానిపాలెం చుట్టుపక్కల కాలువల్లో చేపలకు పంచాంగం చూడటం వచ్చు. వారం, వర్జ్యం చూసుకోకుండా అవి ఎర ముట్టవు. కాకపోతే, ఎండాకాలమంతా ఏ మడుగులో తలదాచుకున్నాయో అంతుపట్టని కొర్రమీనులు, మా ఆవిడ చేపల దాకను తోమి, బోర్లించి, అటకెక్కించిన మర్నాడే కట్ట పక్కకొచ్చి గుటుక్కున గాలి మింగి పోవడం ఏమిటి? ఆ అటకెక్కించే రోజు శ్రావణ శుద్ధ పాడ్యమి.

చేపల తప్పు కాదనుకోండి. తప్పంతా కృష్ణా డెల్టాది. జూన్, జూలైల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర పడమటి కాలువకు నీళ్లు వదులుతారు. సీతానగరం నుంచి ఒకటిగా వచ్చిన కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర చీలుతుంది. తెనాలి ఊళ్లోంచి పారే మూడు కాలువలూ అక్కడివే. మా వైపు చేరేసరికి అవి పిల్ల కాలువలై, బోదెలై చేలల్లో పడతాయి. 1852లో మొదలుపెట్టి 1855 నాటికి బెజవాడ ఆనకట్ట కట్టిన కెప్టెన్ ఆర్ గానీ, దానికి ప్లాను వేసిన కాటన్ దొర గానీ, 1952లో అది తెగితే 1957కల్లా దాని స్థానంలో బ్యారేజీ నిలబెట్టినవాళ్లు గానీ ఆలోచించింది వరి గురించే. శ్రావణమాసం సంగతి వాళ్లెవరికీ తట్టలేదు. ఆగస్టు వచ్చేసరికి నాట్లు పడి, చేలు పచ్చబడి, కాలువ రెండు గట్లూ ఒరుసుకుని పారుతుంటుంది. కొత్తనీటికి ఎదురెక్కిన చేప ఒళ్లు చేసి ఉంటుంది. గాలానికి ముహూర్తం కుదిరిన నెలా, వంటింటికి మూఢం వచ్చిన నెలా ఒకటే.

2015 నుంచి ఇంకో చిత్రం కూడా కలిసింది. పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్లు తోడి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతున్నారు కదా, వాటిలో కొన్ని మా కాలువ దాకా వస్తాయి. అప్పటినుంచీ మాకు పడే జెల్లల్లో కొన్ని కాస్త మర్యాదగా ఉంటున్నాయని నా అనుమానం. ముల్లు గుచ్చుకున్నా “ఆయ్” అంటున్నట్టే అనిపిస్తుంది తప్ప, మా గుంటూరు జెల్లల మాదిరి చెయ్యి కోసెయ్యవు.

శ్రావణం దాటితే ఇబ్బంది తీరుతుందనుకుంటారు తెలియనివాళ్లు. వారాలున్నాయి కదా! సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయస్వామిది, గురువారం సాయిబాబాది, శుక్రవారం లక్ష్మీదేవిది, శనివారం వెంకటేశ్వరస్వామిది. మిగిలినవి ఆది, బుధ వారాలు. ఆదివారం కోడి వంతు. ఇక బుధవారం ఒక్కటే చేపది. ఆ బుధవారం నాడు ఏ ఏకాదశో వచ్చి కూర్చుంటుంది. ఏకాదశి లేకపోతే మా ఆవిడ పుట్టింటి తరఫున ఎవరికో మైల వస్తుంది. మిగిలిన లోకానికి చేప దొరకడం కష్టం. మా ఇంట్లో రోజు దొరకడం కష్టం.

సరే, తినేది లేకపోయినా వేసే చెయ్యి ఊరుకోదు గదా. రిటైరైన మేస్టారికి సాయంత్రం పూట ఇంట్లో ఉండటంకన్నా కాలువ కట్ట మీద ఉండటం ఇంటికే మేలు. నా సరంజామా పెద్దదేం కాదు. ఒక వెదురు కర్ర, నైలాన్ దారం, సీసం గుండు, జీలుగ బెండు, తెనాలిలో కొన్న ముళ్లు. పశువుల కొట్టం వెనక తడి నేలలో పార గుచ్చి బెడ్డ తిరగేస్తే కావలసినన్ని ఎర్రలు. వాటిని కొబ్బరి చిప్పలో కాస్త మట్టితో సహా వేసుకుని బయల్దేరడమే.

కళ్లు నీళ్ల మీద పెట్టి బెండు చదవడం మాత్రం ఒక విద్య. పరిగెలు చేరితే బెండు ఉన్నచోటే టకటకలాడుతుంది, అది లెక్కలోకి రాదు, ఎర్రను తోక నుంచి కొరుక్కుతిని పోతాయి. జెల్ల పట్టుకుంటే బెండు మునగదు, ఏదో పనున్నట్టు పక్కకు నడుస్తుంది. గురకకు ఆలోచనే లేదు. ఎర్రనూ ముల్లునూ కలిపి కడుపులోకి దింపుకుంటుంది. ఆ ముల్లు బయటికి తీసేలోగా మరో చేపను పట్టొచ్చు. పైగా దాని మొప్పల మూతల అంచున రంపప్పళ్లు, వీపు మీద ముళ్లు. ఇంగిలాయి అయితే పక్క ముల్లుతో పొడిచిందంటే ఆ రాత్రి నిద్ర ఉండదు, విషం. కొర్రమీను పడ్డప్పుడు మాత్రం చదవడానికి ఏమీ ఉండదు. ఇప్పటిదాకా ఉన్న బెండు ఇప్పుడు లేదు, అంతే.

ఇంత ఏకాగ్రత కావలసిన పని, నలుగురు తిరిగే కట్ట మీద చెయ్యాలి. గాలం వేసేవాడికి శత్రువు చేప కాదు, ఖాళీగా ఉన్న మనిషి.

“ఏవన్నా పడ్డయ్యా మేస్టారూ?” అంటాడొకడు సైకిలాపకుండానే.

“ఇంకా లేదబ్బాయ్.”

“ఈ తావున పడవండీ. ఆ తూము కాడ వెయ్యాల. మొన్న మా బావమరిది ఇంత కొర్రమీను లాగాడు.”

“ఎంత?”

చూపించడానికి వాడు రెండు చేతులూ హ్యాండిల్ మీంచి తీశాడు. సైకిలు తిన్నగా తూటికాడలోకి దిగింది, దాంతోపాటు వాడూ దిగాడు. ఆ పూట నా గాలం దగ్గరకొచ్చిన ప్రాణుల్లో అదే పెద్దది. లేచి ఒళ్లు దులుపుకుని, చేతులు మళ్లీ చాచి, “ఇంత” అని చూపించిగానీ వెళ్లలేదు. మాట మీద నిలబడే మనిషి.

ఇక్కడ చేపల్లోనూ పెద్దింటివీ చిన్నింటివీ ఉన్నాయి. కొర్రమీను పడితే ఇంటికి బజారు వీధిన వెళ్లాలి. తెలంగాణ వాళ్లు దాన్ని తమ రాష్ట్ర చేప చేసుకున్నారు, ఆ గౌరవం దాని ఒంటి మీదే తెలుస్తుంటుంది. బొచ్చె, శీలావతి పడితే మామూలు దారి. మట్టగిడసలు పడితే సందులోంచి. చైనా గురక పడితే చీకటి పడ్డాక. ఈ చైనా గురక అనేది తిలాపియా, ఆఫ్రికా జాతి. 1952లో మన దేశానికి తెచ్చారు. వచ్చింది చుట్టపుచూపుగానే గానీ, చుట్టుపక్కల ఏ కాలువనూ ఖాళీ చెయ్యలేదు. పదిసార్లు బెండు కదిలితే ఎక్కువసార్లు వచ్చేది అదే. దాన్ని గంపెడు పట్టినవాణ్ని “ఏం పట్టావ్?” అంటే “ఏం లేదు” అంటాడు. కొర్రమీను ఒక్కటి పట్టినవాణ్ని అడక్కపోయినా చెబుతాడు.

అసలు గురకకు నేను అభిమానిని. నీళ్లు లేకపోయినా గాలి పీల్చి బతుకుతుంది, వాన పడ్డ రాత్రి కాలువ దిగి రోడ్డెక్కి నడుస్తుంది. మొప్పల మూతలు నేలకు ఆనించి, తోకతో తోసుకుంటూ పోతుంది. 1791లో డాల్డార్ఫ్ అనే డెన్మార్కు సైనికాధికారి తమిళదేశంలోని తరంగంబాడి దగ్గర తాటిచెట్టు బెరడు సందులో, నీళ్లకు అయిదడుగుల ఎత్తున, ఇంకా పైకి ఎక్కే ప్రయత్నంలో ఉన్న గురకను పట్టుకున్నానని రాశాడు. ఆ తరవాత శాస్త్రవేత్తలు నమ్మాలా వద్దా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. మా ఊళ్లో ఒక్కరూ పడలేదు. తాటిచెట్టు ఎక్కడానికి ఎవరికైనా ఒకటే కారణం ఉంటుందని, దానికి చేప అయితేనేం మనిషి అయితేనేం అని తేల్చేశారు.

కొర్రమీను పెద్దరికం రుచిలోనే కాదు, కాపురంలోనూ ఉంది. వానాకాలంలో కాలువ మూలల్లో, గుర్రపుడెక్క పక్కన, కుంకుమ చల్లినట్టు నీళ్ల మీద ఎర్రటి మచ్చ ఒకటి కదులుతుంది. దగ్గరికి పోయి చూస్తే అవి వందల పిల్లలు, గడ్డిపరక మందాన. గుంపంతా ఒక్కసారి పైకొచ్చి బుడబుడమని గాలి తీసుకుని ఒక్కసారే కిందికి పోతుంది. వాటి అడుగున తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా. ఆ మచ్చ మీద ఏది పడినా, కప్ప గానీ ఆకు గానీ, కింది నుంచి కోపంగా వచ్చి కొడతాయి. ఆ కోపాన్ని నమ్ముకుని అక్కడే గాలం వేసేవాళ్లున్నారు. అది చేపలు పట్టడం కాదు, పెళ్లివారింట్లో దొంగతనం. తల్లీతండ్రీ పోతే ఆ ఎర్ర మచ్చను మట్టగిడసలు పూట గడవకుండా ఖాళీ చేస్తాయి.

మా అల్లుడు మినియాపొలిస్‌లో ఉద్యోగం. అక్కడా వేసవి చివర గాలాల కాలం. మిసిసిపీ ఒడ్డున నిలబడి వాలై అనే చేపను పడతాడు. 1965 నుంచి అది మిన్నెసోటా వారి రాష్ట్ర చేప. దాని కంట్లో వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది కనక మసక చీకట్లో వేటాడుతుంది, వీడూ మసక చీకట్లోనే పోతాడు. మధ్యలో స్మాల్‌మౌత్ బాస్ అని మరొకటి పడుతుంది. పోవాలంటే ముందు లైసెన్సు కొనాలి, జేబులో టేపు ఉండాలి, ఏ చేప ఎంత పొడవుంటే ఉంచుకోవచ్చో, ఎన్ని ఉంచుకోవచ్చో చట్టం చెబుతుంది. కట్ట మీద ఎవడూ పలకరించడట. నాకు అసూయ పుట్టింది.

మొన్న శ్రావణంలో ఫోన్‌లో బొమ్మ పడేట్టు మాట్లాడుతూ, జానెడున్నర వాలైని పైకెత్తి చూపించి, మళ్లీ మెల్లిగా నీళ్లలో పెట్టి వదిలేశాడు.

“అదేంటి బాబూ, వదిలేశావు?” అంది మా ఆవిడ.

“ఇక్కడ చాలామంది ఇట్టాగే చేస్తారండీ అత్తయ్యగారూ. పట్టుకుంటాం, ఫొటో తీసుకుంటాం, వదిలేస్తాం.”

ఆవిడ ఫోను పక్కన పెట్టి నావంక తిరిగింది. “చూశారా, అంత దూరంలో ఉండి కూడా పిల్లాడు శ్రావణమాసం ఎంత నిష్ఠగా పాటిస్తున్నాడో!”

బాస్ అంటే మాకూ ఉంది, పండుగొప్ప. నిజాంపట్నం వైపు ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే చోట్ల తిరుగుతుంది. అది మగగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడగా మారిపోతుంది. ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ కూర తరగడం ఆపకుండా “తెలివైన చేప” అంది.

గాలం వేయడం పనిలేనివాళ్ల పని అని ఆవిడ సిద్ధాంతం. దానికి విరుగుడుగా నా దగ్గర ఒక చాళుక్యరాజు ఉన్నాడు. కల్యాణి నుంచి ఏలిన మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రాయించి, అందులో రాజులకు తగిన వినోదాల్లో మత్స్యవినోదాన్నీ చేర్చాడు. చేపల జాతులు, వాటికి వెయ్యాల్సిన మేతలు, గాలంతో పట్టే తీరు అన్నీ ఉన్నాయి. మా మండలంలోని చందోలు ఆ శతాబ్దంలో వెలనాటి చోళులకు రాజధాని. అంటే ఈ నేల మీద రాజులు ఏలే రోజుల్లో కూడా గాలం గౌరవనీయమైన విద్యే. ఇదంతా విని ఆవిడ ఒక్కటే ప్రశ్న వేసింది. “ఆ చేపలు శుభ్రం చేసిందెవరు?”

గురకను బూడిద అద్ది, రాయి మీద రుద్ది, మొప్పల ముళ్లు గుచ్చుకోకుండా తోమినవాళ్లకు తప్ప ఆ ప్రశ్నలో ఉన్న బరువు తెలియదు. రాజుగారి గ్రంథం అక్కడితో మూసేశాను.

శ్రావణం పోయింది. వినాయకచవితి వచ్చింది, నిమజ్జనానికి తాషాలు, డప్పులు, ట్రాక్టరు మీద స్పీకర్లు కట్ట మీదికి వచ్చాయి. ఆ దెబ్బకు చేపలు ఏ సముద్రం దాకా పోయాయో మళ్లీ ఎదురెక్కడానికి వ్యవధి పట్టింది. చివరికి భాద్రపద బహుళంలో ఒక బుధవారం దొరికింది. ఏకాదశి కాదు. మైల లేదు. మా ఆవిడ తనంతట తనే దాక దింపి, చింతపండు నానబెట్టి, “సాయంత్రానికి తెండి, చూద్దాం” అంది. ఆ “చూద్దాం”లో నమ్మకం పాలు బొత్తిగా తక్కువ.

కట్ట ఎక్కి చూస్తే కాలువలో నీళ్లు లేవు. వంతులు పెట్టి పైనెక్కడో కట్టేశారు. అడుగున మిగిలిన గుంటల్లో ఊరు ఊరంతా దిగి ఉంది. ఊతలు వేసేవాళ్లు, మావులు ఎత్తేవాళ్లు, ఏదీ లేనివాళ్లు లుంగీలు పైకి కట్టి చేతుల్తోనే. మోకాలి లోతు బురదలో కొర్రమీనులు జారుతున్నాయి, వాటి వెనక మనుషులు జారుతున్నారు. తూటికాడలో పడ్డ సైకిలువాడు ఇప్పుడు బురదలో పడి, లేచి, ఈసారి నిజంగానే అంత కొర్రమీనును రెండు చేతులా ఎత్తి నాకేసి చూపించాడు. గాలం వెయ్యడానికి గజం నీళ్లు లేవు.

“మేస్టారూ, ఆ కర్ర ఒకసారి ఇటియ్యండి” అన్నారు కుర్రాళ్లు. ఇచ్చాను. మొప్పల్లోంచి తాటి నార దూర్చి, కొర్రమీనులన్నిటినీ దానికి వేలాడగట్టి, చెరో కొస భుజానికెత్తుకుని బయల్దేరారు. వెనక నేను, బెండూ ముళ్లూ జేబులో పెట్టుకుని. మా ఇంటి ముందు ఆగి, కర్ర బాడుగ కింద ఒకటి విప్పి నా చేతిలో పెట్టారు.

మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “గాలానికే పడిందా?”

“గాలం కర్ర మీదే వచ్చింది” అన్నాను.