చౌడు కోసం ఏడేళ్ళు

మా చిన్నాయన ఎనిమిదో బోరు వేయించిన నెలా, విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగిన నెలా ఒకటే. 2023 ఆగస్టు. 1901 నుంచి ఉన్న లెక్కలు తిరగేసినా దేశంలో అంత ఎండిపోయిన ఆగస్టు కనిపించదు. శెనక్కాయ ఊడలు దిగే వేళకి నేల రాయిలా బిగిసింది. 23వ తేదీ సాయంత్రం ఊరంతా టీవీల ముందుంటే, తాడిపత్రి దగ్గరి మా చేన్లో చిన్నాయన మాత్రం, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తున్న పెద్దమనిషి వెనకాల నడుస్తున్నాడు. టెంకాయ ఎక్కడ నిట్టనిలువుగా లేస్తే అక్కడ నీళ్ళున్నట్టు. అంతకుముందు ఏడుసార్లు లేచింది. ఏడుసార్లూ దుమ్మే వచ్చింది. అయినా ఆ టెంకాయ మీదున్న నమ్మకంలో పావలా వంతు, బళ్ళో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన నా మీద లేదాయనకి.

గట్టు మీద నిలబడి ఫోను చూస్తున్నవాణ్ణి, ఆపుకోలేక అరిచాను. "చిన్నాయనా, దిగింది!"

"ఎన్ని అడుగులు?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

బోరు కాదు, చంద్రయాన్ అని చెప్పాను. అక్కడ నీటి ఆనవాళ్ళున్నాయని 2009లోనే తేలిందనీ, 2008 అక్టోబరులో మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-1లో నాసా వాళ్ళ పరికరం ఒకటి పట్టుకుందనీ కూడా చెప్పాను. ఆయన ఆగాడు. మా దగ్గర నీళ్ళ మాట వస్తే ఎవరైనా ఆగుతారు.

"ఎన్ని ఇంచీలు పడినాయి?"

ఇంచీల లెక్క కాదు చిన్నాయనా, పైపొర మట్టి టన్ను పిండితే మహా అయితే లీటరు వస్తుందని అప్పట్లో అంచనా వేశారన్నాను. ఆయన కాసేపు మనసులో లెక్క వేసుకున్నాడు. "మనకంటే నయమే."

నాలుగు రోజుల తర్వాత ఇస్రో ఇంకో వార్త చెప్పింది. ల్యాండర్ ఒక గొట్టాన్ని నేలలోకి గుచ్చి వేడి కొలిచింది. పైన 50 డిగ్రీలకు మించిన వేడి, ఎనిమిది సెంటీమీటర్ల లోతున మైనస్ పది. ఆ వేళకి మా బోరు 640 అడుగుల దగ్గర ఉంది. బండి మోతలో, తెల్లటి దుమ్ములో, చెవిలో అరిచి ఈ సంగతి విన్నవించుకున్నాను.

"బెత్తెడు లోతుకే అంత సల్లగా ఉందంటే నీళ్ళు దగ్గర్లో ఉన్నట్టే. ఆడనే పాయింటు పెట్టమను" అన్నాడు. మా పాయింటు మాత్రం 720 దగ్గర ఆపేశాం. దుమ్ము.

ఆ మరుసటి నెల్లోనే అమెరికా వాళ్ళ డబ్బా ఒకటి ఆకాశం నుంచి యూటా ఎడారిలో దిగింది. 2016లో బయల్దేరిన ఒసైరిస్-రెక్స్ నౌక, బెన్ను అనే గ్రహశకలం దాకా పోయి ఏడేళ్ళకు పంపిన మట్టి అది. బరువు 121.6 గ్రాములు. మా అంగట్లో వక్కపొడి కూడా ఇంత ఖచ్చితంగా తూచరు. 2025 జనవరిలో ఫలితాలు చెప్పారు. మన ఒంట్లో ప్రోటీన్లను కట్టే ఇరవై అమైనో ఆమ్లాల్లో పద్నాలుగు అందులో ఉన్నాయట. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రాసుకునే అయిదు అక్షరాలూ ఉన్నాయట. జీవం దొరికిందని మాత్రం ఎవరూ అనలేదు. సరుకులు దొరికాయి, వంట దొరకలేదు.

నన్ను ఆపింది వేరే ముక్క. బెన్ను ఏ పెద్ద శకలం నుంచి ఊడిపడిందో దాన్లో ఒకప్పుడు ఉప్పునీళ్ళు ఉండేవి. అవి ఎండిపోతూ లవణాలు మిగిల్చాయి. వాటిలో ఒకటి సోడియం కార్బొనేట్. ఈ పేరు బళ్ళో వందసార్లు బోర్డు మీద రాశాను గానీ, మా చెరువు ఎండినప్పుడు అంచుల్లో తెల్లగా పొంగేదాంట్లో ఉండేది ఇదేనని పిల్లలకి ఒక్కసారీ చెప్పలేదు. చౌడు! మా జేజి పంచెలు తెల్లగా ఉతికింది దాంతోనే.

"చౌడు తెచ్చేదానికి ఏడేండ్లా?" అన్నాడు చిన్నాయన, నిజంగానే జాలిపడుతూ. "నన్ను అడిగింటే బండికి ఎత్తించేవాణ్ణి గదరా."

ఎండిన చెరువులోనే ప్రాణం సరుకులు చిక్కబడతాయంటే, మా జిల్లాలో ఈపాటికి నాలుగైదుసార్లు ప్రాణం పుట్టి ఉండాలి.

ఇక లాభం లేదని, ఆకాశం వదిలి నేలకు దిగాను. పశువుల కొట్టం ముందర ఒక బండ ఉంది. చిన్నాయన నలభై ఏళ్ళుగా దాని మీదే కూర్చుంటాడు. అడ్డంగా కోసిన ఎర్రగడ్డలాగా దాని నిండా వలయాలు. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. నీలి ఆకుపచ్చ నాచు జిగటకి ఒండ్రు అంటుకుని, దాని మీద మళ్ళీ నాచు పెరిగి, పొర మీద పొరగా రాయైపోయింది. మా వైపు రాళ్ళ మీద విలియం కింగ్ అనే దొర 1872లోనే పెద్ద గ్రంథం రాశాడు. వేంపల్లె, తాడిపత్రి అంటే మనకు ఊళ్ళు, భూగర్భ శాస్త్రవేత్తలకు రాళ్ళ పొరలు. వయసు సుమారు 190 కోట్ల ఏళ్ళు. డైనోసార్లు దీని ముందు మొన్న పుట్టిన పిల్లకాయలు. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు. మనం పీల్చే గాలిలోకి ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టింది ఈ నాచే.

"ఇది లోతు తక్కువ సముద్రంలో, ఎండ తగిలే చోట పెరుగుతుంది చిన్నాయనా."

"అంటే?"

"అంటే మన కొట్టం ఉన్న జాగాలో సముద్రం ఉండేది."

ఆయన బండ మీద నుంచి లేచాడు. చేను వైపు చూశాడు, ఎండిన పెన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మరి ఆ నీళ్ళన్నీ ఎవురు తాగినార్రా?"

ముప్పై ఏళ్ళలో ఏ పిల్లవాడూ అడగని ప్రశ్న. మాట మార్చడానికి పరిణామం ఎత్తుకున్నాను. ఈ నాచు మనకు తాత కాదు గానీ, దానికీ మనకూ ఒకడే మూలపురుషుడు. వాడు 420 కోట్ల ఏళ్ళ నాటివాడని 2024లో లెక్క కట్టారు. "అంటే ఇవి మనకు దాయాదులు" అన్నాను.

"దాయాదులా?" చిన్నాయన మళ్ళీ బండ మీద స్థిరంగా కూర్చున్నాడు. "దాయాది నెత్తిన నలభై ఏండ్లు కూచున్నానంటే మంచి పనే చేసినా. నీళ్ళ భాగం వాళ్ళు తీసుకుని రాళ్ళ భాగం మనకు పెట్టినారు, సూడు."

నా పాఠం ఇన్నాళ్ళకు ఒకరికి ఎక్కిందని సంబరపడ్డాను. మరుసటి వారం టెంకాయ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి నడక ఆ బండ దగ్గర్నుంచే మొదలుపెట్టమన్నాడు చిన్నాయన. "మా వాడు సైన్సు మాస్టరు. ఈడ సముద్రం ఉండిందని చెప్పినాడు. యాడనో రవ్వంత మిగిలే ఉంటాది."

పదడుగులు వేశాడో లేదో, టెంకాయ లేచింది. తొమ్మిదో బోరుకు బండి సోమవారం వస్తోంది.