సరిహద్దు దాటితే సూర్యుడికి పచ్చకామెర్లు

అమెరికా టీవీ డ్రామాల భూగోళశాస్త్రం ప్రకారం మెక్సికోకి వేరే సూర్యుడున్నాడు. ‘బ్రేకింగ్ బ్యాడ్’ చూడండి. న్యూమెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీలో ఆకాశం నీలంగా, కడిగినట్టుంటుంది. కారు సరిహద్దు దాటడమే ఆలస్యం, నేలా గోడా మనుషుల మొహాలూ అన్నీ పసుపుముద్దలే. తమాషా ఏమిటంటే, మెక్సికో డాన్ ఎలాడియో బంగళా సీన్లు తీసింది కూడా న్యూమెక్సికోలోనే. ఎండ అదే, మట్టి అదే. పసుపు మాత్రం తర్వాత కలిపారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ జబ్బు కెమెరాకి వచ్చింది కాబట్టి నేలఉసిరి పసరు ఎవరికి పొయ్యాలో తెలియడం లేదు.

ఇక ఆ ఎండ నుంచి వచ్చినవాళ్లకి తెర మీద దొరికే కొలువులు. మగవాడైతే మత్తుమందుల ముఠా, ఆడదైతే చీపురు. 2020 జనగణన లెక్కన అమెరికాలో లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు, 6.2 కోట్లు, జనాభాలో దాదాపు ఐదోవంతు. అంతమందిలో ఒక పళ్ల డాక్టరూ ఒక లెక్కల మాస్టారూ ఉండరా అంటే, ఉండే ఉంటారు. కానీ ఎపిసోడ్‌కో శవం కావాలి కదా, పాపం పళ్ల డాక్టరు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

టెక్సస్‌లో పుట్టి, డిగ్రీ చదివిన నటి లూపె ఒంటివెరోస్ కనీసం 150 సార్లు పనిమనిషి వేషం వేశానని తనే చెప్పింది. ఇంగ్లీషు చక్కగా మాట్లాడితే వేషం చేజారేదట. అన్ని అంట్లు తోమాక 2013లో పదోన్నతి వచ్చింది. ఆవిడకి కాదు లెండి, అప్పటికే పోయింది. పనిమనిషికి. ‘డీవియస్ మెయిడ్స్’లో లాటినా స్త్రీలే కథానాయికలు, ఊరు బెవర్లీ హిల్స్. అందరి పనీ మాత్రం మళ్లీ పాచిపనే. అందులో ఒకావిడ నిజానికి కాలేజీ ప్రొఫెసరు. కొడుకు మీద పడ్డ హత్యానేరాన్ని తుడిచెయ్యడానికి పనిమనిషిగా చేరుతుంది. ప్రొఫెసరమ్మకైనా సీరియల్లోకి దొడ్డిదారే.

పోనీ, దుర్మార్గమైనా వాళ్లకే దక్కిందా? ‘నార్కోస్’లో కొలంబియా మత్తుమందుల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్‌గా వేసింది బ్రెజిల్ నటుడు వాగ్నర్ మౌరా. మాతృభాష పోర్చుగీసు, స్పానిష్ ఈ పాత్ర కోసమే నేర్చుకున్నాడు. బాగా చేశాడు, కాదనను. ఆ యాస విని కొలంబియావాళ్లు మాత్రం పొట్ట పట్టుకున్నారు. మళ్లీ ‘బ్రేకింగ్ బ్యాడ్’కే వస్తే, చిలీ నుంచి వచ్చిన గస్ ఫ్రింగ్ పాత్ర కోపెన్‌హాగన్‌లో పుట్టిన జియాన్‌కార్లో ఎస్పొసీటోది. తండ్రి ఇటాలియన్, తల్లి ఆఫ్రికన్ అమెరికన్. మెక్సికన్ ముసలి డాన్ హెక్టర్ సలమాంకా అయితే ఫిలడెల్ఫియా యూదు కుటుంబంలో పుట్టిన మార్క్ మార్గోలిస్. పాత్రేమో పక్షవాతంతో నోరు పడిపోయి, చక్రాల కుర్చీకి కట్టిన గంట కొట్టి మాట్లాడతాడు. ఆ సీరియల్లో ఎవరూ వంక పెట్టలేని స్పానిష్ ఆ గంటదే.

లాటినోకి గౌరవమైన ఉద్యోగం ఎప్పుడూ ఇవ్వలేదంటే కళ్లు పోతాయి. ‘ది వెస్ట్ వింగ్’ వాళ్లు ఏకంగా దేశాధ్యక్ష పదవే ఇచ్చారు. టెక్సస్ కాంగ్రెస్ సభ్యుడు మ్యాట్ శాంటోస్‌గా జిమ్మీ స్మిట్స్ ఊరూరా ప్రచారం చేసి, ఎన్నికల్లో గెలిచి, 2006 మే 14న ప్రసారమైన ఎపిసోడ్‌లో ప్రమాణస్వీకారం చేశాడు. అంతకుముందున్న తెల్ల అధ్యక్షుడు ఏడు సీజన్లు ఏలాడు. శాంటోస్ కుర్చీ వేడెక్కకముందే, అదే ఎపిసోడ్‌తో సీరియల్‌కి మంగళం పాడేశారు.