దాతకు పరీక్ష లేదు

పేదల కోసం పనిచేసే ఏ సంస్థ అయినా పెద్ద నిధి తలుపు తట్టిందంటే ముందుగా వినబడే ప్రశ్న: "మీ పథకం పనిచేస్తుందని రుజువేదీ?" బేస్‌లైన్ సర్వే కావాలి, ఎండ్‌లైన్ సర్వే కావాలి, సగం ఊళ్లకిచ్చి సగం ఊళ్లకివ్వకుండా పోల్చి చూసిన పరీక్ష కావాలి. అన్నీ తెచ్చి ముందు పెడితే "స్కేల్ ఎంత?" అంటారు. పది ఊళ్లు ఆనవు, పది దేశాలు కావాలి. అంత ఖర్చు ఒక్కరి వల్ల కాదు గనుక నలుగురు దాతలు చేతులు కలుపుతారు. దాని పేరు భాగస్వామ్యం. బ్యానర్ మీద నాలుగు లోగోలు, సంస్థ నెత్తిన నాలుగు రకాల రిపోర్టులు.

రుజువు అడగడం తప్పని నేననను. పేదవాడి పేరు చెప్పి ఖర్చుపెట్టే ప్రతి డాలరుకూ లెక్క చెప్పాల్సిందే. నా పేచీ ఒక్కటే: ఈ పరీక్ష హాల్లోకి దాతలు ఎప్పుడూ ఇన్విజిలేటర్లుగానే వస్తారు.

దక్షిణాఫ్రికాలో పుట్టిన ప్లేపంపు సంగతి వినండి. పిల్లలు చక్రమెక్కి గిరగిరా తిరుగుతూ ఆడుకుంటుంటే బోరులోని నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు చుట్టూ వ్యాపార ప్రకటనలు. ఆ ఆదాయంతో మరమ్మతులు. వింటుంటేనే దాహం తీరిపోతుంది! 2000లో ప్రపంచ బ్యాంకు బహుమతి ఇచ్చింది. 2006లో న్యూయార్క్‌లో, మాజీ అధ్యక్షుడు క్లింటన్ గారి సభలో, అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ స్వయంగా వేదికెక్కి కోటీ 64 లక్షల డాలర్ల భాగస్వామ్యం ప్రకటించారు. ప్రభుత్వ సొమ్మూ ఫౌండేషన్ల సొమ్మూ కలిపి పది దేశాల్లో 4,000 పంపులు పెట్టాలి, 2010 కల్లా కోటి మంది నీళ్లు తాగాలి.

ఒక్కో పంపు ఖరీదు దాదాపు 14,000 డాలర్లు. ఆ డబ్బుతో నాలుగు మామూలు చేతిపంపులు వస్తాయని నీటి రంగంలో తలపండిన వాటర్‌ఎయిడ్ సంస్థ మొత్తుకుంది. కానీ చేతిపంపు ఫొటోకి పడదు. 2009లో గార్డియన్ పత్రిక లెక్క కట్టింది: చెప్పినంత మందికి చెప్పినన్ని నీళ్లు రావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలట. రోజుకు 24 గంటలే ఉండటం ఆఫ్రికా చేసిన తప్పు. పిల్లలు బడికి పోయాక ఆ చక్రాన్ని నడుములు వంచి తిప్పింది ఆడవాళ్లే, వాళ్లలో ముసలివాళ్లూ ఉన్నారు. సబ్బు కొనే స్తోమత లేని ఊళ్లో సబ్బు ప్రకటన ఎవడిస్తాడు? ప్రకటనలు రాలేదు, మరమ్మతులు జరగలేదు. కొన్నిచోట్ల ఉన్న చేతిపంపు పీకేసి మరీ దీన్ని పాతారు. 2010 వచ్చింది, 4,000 మాత్రం రాలేదు. డబ్బు పెట్టిన కేస్ ఫౌండేషన్ అనుకున్నది జరగలేదని బహిరంగంగా ఒప్పుకుంది. ఆ నిజాయితీకి దండం పెట్టొచ్చు. కోటీ 64 లక్షలు ప్రకటించేముందే రుజువు అడిగి ఉంటే దండంతో పాటు దండ కూడా వేసేవాళ్లం.

ఆఫ్రికాను చూసి మనం నవ్వుకోనక్కర్లేదు. మన గడ్డ మీద సూక్ష్మరుణం ఏం చేసిందో మరిచిపోయామా? దానికి చూపించిన రుజువల్లా నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది రూపాయలు తిరిగొస్తున్నాయన్నదే. పేదవాళ్లు అప్పు తీరుస్తారన్నది అక్షరాలా రుజువైంది. ఆ అప్పుతో పేదరికం తీరుతుందా అన్నది సిలబస్‌లో లేదు. విదేశీ దాతలు పునాది వేశారు, ప్రాధాన్య రంగం కోటా నింపుకోవడానికి బ్యాంకులు గోడలు లేపాయి, వెంచర్ పెట్టుబడిదారులు మేడ కట్టారు. గ్రూపులో ఒకామె వారం కిస్తీ కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. వాళ్ల దగ్గరా లేకపోతే ఇంకో కంపెనీ అప్పు తెచ్చి ఈ కంపెనీకి కట్టాలి. రికవరీ మాత్రం 99 శాతం!

తమాషా ఏమిటంటే అసలైన పరీక్ష మన హైదరాబాద్ బస్తీల్లోనే జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం 104 బస్తీలను తీసుకుని, లాటరీ వేసినట్టుగా సగం బస్తీల్లోనే అప్పులు ఇప్పించి, తేడా కొలిచింది. ఉన్న వ్యాపారాలు కాస్త పుంజుకున్నాయి. ఆరోగ్యంలో, పిల్లల చదువులో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ ఫలితం 2009లోనే బయటికొచ్చింది. అయినా 2010 జులై ఆఖర్లో సూక్ష్మరుణాలిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ల ఇష్యూకి 13 రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అక్టోబరులో, అప్పులపాలైనవాళ్ల ఆత్మహత్యల వార్తల మధ్య, ఈ వసూళ్లను కట్టడి చేస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అంతే, ఆ తొంభై తొమ్మిది శాతం రికవరీ పది శాతం దగ్గరికి జారిపోయింది.

ఇక రుజువు అడగడంలో తలపండినవాళ్ల ముచ్చట. 2010లో అమెరికా యూఎస్‌ఎయిడ్‌లో డెవలప్‌మెంట్ ఇన్నోవేషన్ వెంచర్స్ అనే విభాగం పెట్టారు. ముందు చిన్న మొత్తం, పరీక్షలో నెగ్గితే ఇంకాస్త, ఆ తర్వాతే పెద్ద నిధి. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు మైఖేల్ క్రెమర్. 2019లో బెనర్జీ, డుఫ్లోలతో కలిసి నోబెల్ అందుకున్నాడు. తొలి మూడేళ్లలో ఇచ్చిన గ్రాంట్ల మీద డాలరుకు కనీసం 17 డాలర్ల ప్రయోజనం దక్కిందని లెక్క తేలింది. లెక్క కట్టినవాళ్లలో క్రెమర్ కూడా ఉన్నాడు, అది కూడా చెప్పుకోవాలి. అయినా ఇంతకన్నా పద్ధతైన దుకాణం ఇంకోటి చూపించలేం.

2025 జనవరి 20న ఒక్క సంతకంతో అమెరికా విదేశీ సాయం ఆగింది. జులై 1 నాటికి యూఎస్‌ఎయిడే లేదు, దాంతోపాటే ఆ విభాగమూ పోయింది. సగం దేశాల్లో ఆపి, సగం దేశాల్లో కొనసాగించి, పోల్చి చూద్దామని ఎవరూ అనలేదు. పథకం మొదలెట్టడానికి బేస్‌లైన్ కావాలి గానీ, మూసెయ్యడానికి బాల్‌పెన్ను చాలు.

కాబట్టి భాగస్వామ్య పత్రం మీద సంతకం పెట్టబోయే సంస్థలకు ఒక మనవి. మీ రుజువుల కట్ట వాళ్ల చేతికిచ్చేముందు మీరూ మూడు కాగితాలు అడగండి: గతంలో వాళ్లు డబ్బు పెట్టిన పథకాలు ఐదేళ్ల తర్వాత ఎన్ని నడుస్తున్నాయో ఒకటి, రిపేరు ఖర్చు ఎవరిదో ఒకటి, మధ్యలో లేచిపోవాలంటే ఎన్ని నెలల ముందు చెబుతారో ఒకటి. "ఇవ్వం" అంటే, లోగో ముద్రించడం మానెయ్యండి.