ప్లగ్గులో గుర్రాలు

తెనాలిలో బయల్దేరిన రైలు రేపల్లె చేరాక ఆగిపోతుంది. ఆ తర్వాత పట్టాల్లేవు. రైలే ఇక చాలనుకునే ఊళ్లో మన కుర్రాళ్లకు మాత్రం వేగం చాలడం లేదు. అందుకని వంద సీసీ స్ప్లెండర్‌కు ‘రేసింగ్ ప్లగ్గు’ వేయిస్తున్నారు. మామూలు ప్లగ్గుకు నాలుగైదు రెట్లు పోసి ఇరీడియం ప్లగ్గు బిగించుకుంటారు. బజారులో ఓ చుట్టు తిరిగొచ్చి, ‘పికప్ అదిరింది మావా’ అంటారు. అదిరింది పికప్పో, వదులైన సైలెన్సర్ బోల్టో ఎవరూ చూడరు.

తెనాలి నుంచి బాపట్ల దాకా పాకిన ఈ భక్తికి మూలం ఒకటే: గుర్రాలు ప్లగ్గులో కాపురముంటాయన్న నమ్మకం. ఆ బండి అశ్వబలం ఎనిమిది. ప్లగ్గు మారిస్తే తొమ్మిదో గుర్రం వచ్చి చేరుతుందట! బలం పెట్రోలుది, గాలిది, కంప్రెషన్‌ది. ప్లగ్గు పని సమయానికి నిప్పు అంటించడం. అగ్గిపుల్ల వెండిదైనంత మాత్రాన కుండలో అన్నం పెరగదు. ఇరీడియం గొప్పదే, కాదనను. 2,400 డిగ్రీలు దాటితేగానీ కరగదు. అందుకే దాని మొనను అర మిల్లీమీటరు దాకా సన్నగా చెక్కుతారు. సన్న మొనకు తక్కువ వోల్టేజీ చాలు, త్వరగా అరగదు కూడా. అంటే బాబు కొన్నది మన్నిక. బిల్లులో వేగం అని ఎక్కడా రాయలేదు.

అసలు రేసు కార్లవాళ్లు ప్లగ్గు ఎలా ఎంచుకుంటారు? వాళ్ల ఇంజన్‌లో కంప్రెషన్ ఎక్కువ, యాక్సిలరేటర్ ఎప్పుడూ తొక్కే ఉంటుంది. ప్లగ్గు కొస సుమారు 850 డిగ్రీలు దాటితే నిప్పుకణికలా మండి, స్పార్కు రాకముందే పెట్రోలు అంటించేస్తుంది. పిస్టన్‌కు చిల్లు పడుతుంది. అందుకని వేడిని గబగబా సిలిండర్ హెడ్‌లోకి లాగేసే ‘కోల్డ్’ ప్లగ్గు వేస్తారు. సరే, ఆ కొస కనీసం 450 డిగ్రీలైనా ఎక్కకపోతే తన మీద పేరుకున్న మసిని తాను కాల్చుకోలేదు. రేపల్లె బజారులో రెండో గేరులో పాకుతూ, పెనుమూడి వారధి ఎక్కితేగానీ నాలుగో గేరు పడని బండికి ఆ కోల్డ్ ప్లగ్గు వేస్తే ఏమవుతుంది? మసిపట్టి మిస్ కొడుతుంది. పొద్దున్నే పాతిక కిక్కులు. వ్యాయామానికి మంచిదే.

నంబర్ల సంగతి ఇంకా ముచ్చట. ఎన్‌జీకేలో నంబరు పెరిగితే ప్లగ్గు కోల్డ్, బాష్‌లో పెరిగితే హాట్. మనవాడికి ఈ గొడవలేవీ పట్టవు. ‘పెద్ద నంబరుదెయ్యి అన్నా’ అంటాడు. ఏ కంపెనీ చేతికొస్తే ఆ దిక్కుకు బండి ప్రయాణం.

ఇక గ్యాప్. ‘ఇంకొంచెం తెరువు, నిప్పు పెద్దగా వస్తది’ అంటూ పక్కన నిలబడి సలహాలిచ్చే నిపుణుడు ప్రతి షెడ్డులోనూ ఉంటాడు. గ్యాప్ పెంచితే స్పార్కు పొడుగవుతుంది, నిజమే. దూకడానికి వోల్టేజీ కూడా ఎక్కువ కావాలి. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ కావాలి. అందుకే టర్బో ఇంజన్లతో పోటీకి దిగేవాళ్లు గ్యాప్ తగ్గిస్తారు. వాళ్లు తగ్గించేది రేసు కోసమే, మనవాడు పెంచేదీ రేసు కోసమే! పెంచడానికి వాడే పరికరం స్క్రూడ్రైవరు, కొలవడానికి హెక్సా బ్లేడు. ఆ తోపుడుకు సన్నని ఇరీడియం మొన టక్కున విరిగితే, ‘డూప్లికేట్ మాల్ రా’ అని కంపెనీని తిడతారు. నాలుగు కాళ్ల ప్లగ్గు కొన్నవాడైతే నాలుగు నిప్పులొస్తాయని ఊరంతా చెప్పుకుంటాడు. స్పార్కు ఒకసారికి ఒక కాలి మీదికే దూకుతుంది. మిగతా మూడూ తమ వంతు వచ్చేదాకా ఖాళీ.

మన తెలుగు నేల మీద జరిగిన పెద్ద కార్ల పందెం ఏదంటే, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అవన్నీ కరెంటు కార్లు. ఒక్కదానికీ ప్లగ్గు లేదు. పాపం, రేపల్లెలో అడిగి ఉంటే ఇరీడియంవి పంపేవాళ్లం.

పికప్ నిజంగా తగ్గిందా? ఎయిర్ ఫిల్టరు దులపండి, గొలుసు బిగించండి, టైర్లలో గాలి చూడండి. ఏ ప్లగ్గు, ఎంత గ్యాప్ అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలోనే అచ్చేసి ఉంది. అది సైడు డబ్బాలో కవరు కూడా విప్పకుండా పడుంది. ఉచితంగా ఇవ్వడమే కంపెనీ చేసిన తప్పు. పైన ‘రేసింగ్’ అని రాసి వెయ్యి రూపాయలకు అమ్మి ఉంటే, ఈపాటికి ప్రతి కుర్రాడికీ కంఠతా వచ్చేది.