బంద్ నాటి ప్రయాణశాస్త్రం

రాజకీయ ఆందోళనల వేళ మహానగరంలో క్షేమంగా ప్రయాణించడమెలా అన్న శాస్త్రానికి హైదరాబాద్ చేసిన సేవ ఇంతవరకు సరిగా గ్రంథస్థం కాలేదు. 2009 నవంబరు 29న ప్రత్యేక తెలంగాణ కోసం కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్షకు బయలుదేరి దారిలోనే అరెస్టయిన నాటి నుంచి 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడే వరకు ఈ నగరం బంద్‌లు, రాస్తారోకోలు, రైల్‌రోకోలు, 'ఛలో' పిలుపుల మధ్యనే పొద్దుపుచ్చింది. ఉద్యమ న్యాయాన్యాయాల చర్చను చరిత్రకారులకు వదిలి, ఆ నాలుగున్నరేళ్లలో ఆఫీసుకో ఆసుపత్రికో పోవలసి వచ్చిన మనిషి సంగతిని మాత్రమే పరిశీలిస్తే ఈ శాస్త్రపు మూలసూత్రం ఇట్టే బోధపడుతుంది: నగరాన్ని స్తంభింపజేస్తామని ఉద్యమకారులు ప్రకటిస్తారు, స్తంభింపజేసి చూపించే శ్రమను ప్రభుత్వం తన నెత్తిన వేసుకుంటుంది.

2011 మార్చి 10 నాటి మిలియన్ మార్చ్ ఇందుకు ప్రామాణిక ఉదాహరణ. హైదరాబాద్‌ను సికింద్రాబాద్‌తో కలిపే హుస్సేన్‌సాగర్ గట్టుకు, అంటే ట్యాంక్‌బండ్‌కు, జనాన్ని రమ్మని తెలంగాణ ఐక్య కార్యాచరణ సమితి (జేఏసీ) పిలుపునిస్తే, ఎవరూ రాకుండా చూడడానికి పోలీసులు దారులన్నిటికీ ముళ్లకంచెలు వేశారు, రైళ్లు రద్దయ్యాయి, ముందస్తు అరెస్టులు జరిగాయి. ముందస్తు అరెస్టు అంటే చేయని నేరానికి, చేయవచ్చునన్న అంచనా మీద, ముందుగానే అడ్వాన్సు చెల్లింపజేసుకోవడం. ఇంత చేశాక తేలినదేమంటే, మార్చ్‌కు రాదలచినవారు వేలసంఖ్యలో గట్టెక్కారు, మార్చ్‌తో ఏ సంబంధమూ లేక ఇంటికి పోదలచినవారు కంచెకు ఈవల నిలబడిపోయారు. ఆ మధ్యాహ్నం గట్టు మీది నుంచి కదలడానికి బొత్తిగా వీలులేకపోయిన శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య ప్రభృతులు విగ్రహరూపంలో ఉండడం చేత దెబ్బ తిన్నారు.

ఈ అనుభవం నుంచి ప్రభుత్వం పాఠం నేర్చుకోలేదనడం అన్యాయం. 2012 సెప్టెంబరు 30న నెక్లెస్ రోడ్డుపై సాగరహారం పేరిట జరిగిన ప్రదర్శనకు మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడు వరకు అనుమతి ఇచ్చింది, ఎందుకంటే మరునాడే నగరంలో అంతర్జాతీయ జీవవైవిధ్య సమావేశాలు మొదలు కానున్నాయి, దేశదేశాల ప్రతినిధులు చూస్తుండగా కాదనడం బాగుండదు. అయితే ఆ అనుమతి ప్రదర్శనకే గాని ప్రయాణానికి వర్తించలేదు. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మళ్లీ ఆగిపోయాయి. ఏడు గంటలు దాటినా జనం ఇళ్లకు కదలలేదని ఆ తరువాత ఆక్షేపించినవారు, వాళ్లు దేనిలో కదలాలో మాత్రం సెలవివ్వలేదు.

2013 సెప్టెంబరు 7 నాటికి ఈ శాస్త్రం పరాకాష్ఠకు చేరింది. సమైక్యాంధ్ర కోరుతూ ఎల్బీ స్టేడియంలో ఏపీఎన్జీవోలు, అంటే ఆంధ్రప్రదేశ్ నాన్‌గెజిటెడ్ ఉద్యోగులు, సభ పెట్టుకోగా, దానికి నిరసనగా తెలంగాణ జేఏసీ అదే రోజున ఇరవై నాలుగు గంటల బంద్ ప్రకటించింది. సభకు అనుమతి ఉంది, బంద్‌కు పిలుపు ఉంది, సభలోకి పోవడానికి ఉద్యోగి గుర్తింపు కార్డు కావాలన్న నిబంధన ఉంది. అటు సభకూ ఇటు బంద్‌కూ చెందక కూరగాయలకు బయలుదేరిన మనిషి ఏ కార్డు చూపాలన్న నిబంధన మాత్రం లేదు.

ఆత్మరక్షణ ఉపాయాలను నగరవాసులు ఎవరికి వారే కనిపెట్టుకున్నారు. కొందరు బండికి ప్రెస్ అని, కొందరు డాక్టర్ అని అంటించుకోగా, ఉద్యమాభిమానులు నంబరు ప్లేటుపై ఏపీని చెరిపి టీజీ అని రాసుకున్నారు. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం టీఎస్ అనే అక్షరాలను ఖరారు చేసి, 2024లో గాని టీజీకి మారలేదు గనుక, పాపం ఆ బండ్లు పదేళ్లపాటు ఉద్యమంలో నెగ్గి రవాణాశాఖలో ఓడిపోయాయి. ఇక అయిదుగురు గుమిగూడరాదంటూ 144వ సెక్షన్ కింద అప్పట్లో జారీ అయ్యే నిషేధాజ్ఞను ఉన్నదున్నట్టు అమలు చేస్తే, నగరంలోని ప్రతి షేర్ ఆటో ఒక అక్రమ సమావేశమే.

ఇంత జరిగినా మర్నాటి పత్రికల్లో చెదురుమదురు ఘటనలు మినహా బంద్ ప్రశాంతమని, వ్యాపారులు స్వచ్ఛందంగా దుకాణాలు మూశారని, బస్సులు డిపోలకే పరిమితమయ్యాయని వచ్చేది. చెదురుమదురు ఘటన అంటే ఇంకొకరి తలకు తగిలిన రాయి. స్వచ్ఛందమంటే మోటారుసైకిళ్ల గుంపు వీధి మలుపు తిరగ్గానే షట్టరు దింపాలనిపించే సదభిప్రాయం. బంద్‌లు రాజ్యాంగవిరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో తీర్పు చెప్పడం, అదే ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించడం ఈ పదకోశాన్ని ఏమాత్రం ఇబ్బంది పెట్టలేదు.

2024 జూలై 1 నుంచి 144వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షన్ వచ్చింది, కంచెలు పాతవే. కాబట్టి రేపు నగరబంద్ అని విన్న పాఠకులు పిలుపునిచ్చిన పార్టీ ప్రకటనతో కాలం వృథా చేసుకోక, ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చదివి, ఈ రాత్రికే బయలుదేరగలరు.